ఊపిరి చెప్పే ఊసులు

(మా ఊరి తెలుగు సంఘం వారి విజ్ఞాన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



అమెరికాలో తెలుగువాళ్ళ సభలోకి కళ్ళు మూసుకుని రాయి విసిరితే అది ఒక డాక్టరుకో, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకో తగులుతుందని మనలో ఒక జోకు ఉంది. నేను రెండో తెగవాణ్ణి. ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళుగా ప్రోగ్రాములు రాసుకుని బతుకుతున్నాను. "ఊపిరితిత్తుల జబ్బుల గురించి నీకేం తెలుసయ్యా?" అని మొదటి వరసలోని డాక్టరుగారు అడగకముందే నేనే చెప్పేస్తున్నాను: వైద్యం చెయ్యడం గురించి నేనేమీ మాట్లాడను. కానీ ఒక మనిషి వదిలిన ఊపిరిని యంత్రంలోకి పంపి "ఈయన ఊపిరితిత్తుల్లో ఫలానా బాక్టీరియా కాపురం పెట్టింది" అని చెప్పాలంటే అందులో వైద్యం సగమే. మిగిలిన సగం రొదలోంచి సంకేతాన్ని ఏరే పని. ఆ సగం మా వ్యాపారం కాబట్టి దాని మీద నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాను.

వెల్లుల్లితో మొదలుపెడతాను. పొద్దున్న ఇడ్లీలోకి వెల్లుల్లి కారం వేసుకున్నారనుకోండి. ఆ తరవాత రెండుసార్లు పళ్ళు తోముకున్నా మధ్యాహ్నం మీటింగులో పక్కవాడికి తెలిసిపోతూనే ఉంటుంది. ఎందుకంటే అప్పటికి ఆ వాసన నోట్లోంచి రావడం లేదు. వెల్లుల్లి అరిగేటప్పుడు అల్లైల్ మీథైల్ సల్ఫైడ్ అనే గంధకపు పదార్థం తయారై, పేగుల్లోంచి రక్తంలోకి చేరి, రక్తంతో పాటు ఊపిరితిత్తులకి వచ్చి, అక్కడ గాలిలోకి దిగి బయటికొస్తుంది. నోరు కడుక్కోగలం గాని రక్తం కడుక్కోలేం కదా! రోడ్డు పక్కన పోలీసులు కారాపి ఊదించే పరీక్షకి ఆధారం కూడా ఇదే. ఇండియానా పోలీసు శాఖలో పనిచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టయిన్ 1954లో కట్టిన బ్రెతలైజర్ అడిగినది ఒకే ఒక్క ప్రశ్న: ఈ ఊపిరిలో సారా ఎంత ఉంది? మన ఊపిరితిత్తుల్లోని గాలి సంచుల్ని విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు వస్తాయంటారు. అంత వైశాల్యం మీద రక్తమూ గాలీ పల్చటి పొరకి అటూ ఇటూ నిలబడి ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటే రక్తంలోని రహస్యాలు గాలిలోకి పొక్కక ఏమవుతాయి?

పాతకాలపు వైద్యులకి ఇది తెలుసు. చక్కెర జబ్బు ముదిరినవాళ్ళ ఊపిరి మగ్గిన పళ్ళ వాసన వేస్తుంది, అది అసిటోను. మూత్రపిండాలు చెడితే అమ్మోనియా వాసన. ఊపిరితిత్తిలో చీము గడ్డ ఉంటే కుళ్ళు కంపు. కానీ మనిషి ముక్కు ఒకరి ముక్కులా ఇంకొకరిది ఉండదు, దాని రీడింగు కాగితం మీద రాసుకోవడానికీ కుదరదు. 1971లో, అప్పటికే రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ ఊపిరిని బాగా చల్లబరిచిన గొట్టంలో పట్టి, గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రంలోకి పంపి చూస్తే సుమారు 250 రకాల పదార్థాల ఆనవాళ్ళు కనబడ్డాయి. అంతవరకూ ఊపిరంటే నత్రజని, ప్రాణవాయువు, బొగ్గుపులుసు గాలి, కాస్త నీటి ఆవిరి అనుకున్నవాళ్ళు ఉలిక్కిపడ్డారు.

ఆ 250 పదార్థాలూ ఉన్నది ఎంత మోతాదులోనో చెబితే మీకు కష్టం అర్థమవుతుంది. చాలావాటి లెక్క వంద కోట్లలో కొన్ని పాళ్ళు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. వంద కోట్ల సెకన్లంటే దాదాపు 32 ఏళ్ళు. 32 ఏళ్ళ కాపురంలో మీ ఆవిడ చెప్పిన మాట మీరు శ్రద్ధగా విన్న ఆ ఒక్క సెకను ఏదో వెతికి పట్టుకోవడం లాంటిదన్నమాట.

ఇక బాక్టీరియా సంగతి. అవీ మనలాగే తింటాయి, విసర్జిస్తాయి. ఆ విసర్జనలో వాయువులుంటాయి. ఏ జాతి బాక్టీరియాకి ఆ జాతి వంటకం ఉంటుంది కాబట్టి వంటింటి వాసనా దేనిది దానిదే. సూడోమోనాస్ అని ఒకటుంది. కాలిన పుండ్లకి అది సోకితే ద్రాక్షపళ్ళ వాసన వస్తుందని ఆ వార్డుల్లో పనిచేసే నర్సులకి ఎప్పటినుంచో తెలుసు. ఆ వాసనకి కారణం అమైనో అసిటోఫినోన్ అనే పదార్థం. ఇదే సూడోమోనాస్ హైడ్రోజన్ సయనైడ్ కూడా తయారు చేస్తుంది. అవును, అపరాధ పరిశోధన నవలల్లో చదివిన సయనైడే. బాక్టీరియా సయనైడ్ చేస్తాయని 1913లోనే కనిపెట్టారు.

అసలు ఇదంతా ఎందుకు, కళ్ళె తీసి పరీక్ష చేస్తే సరిపోదా అని అడగవచ్చు. (కళ్ళె అంటే మీ జిల్లాలో తెమడ, గళ్ళ ఏదైతే అది.) సరిపోదు కాబట్టే ఈ గొడవంతా. న్యుమోనియా వచ్చినప్పుడు ఎక్స్‌రే ఎక్కడుందో చెబుతుంది గాని ఎవరిదో చెప్పదు. ఎవరో తెలియాలంటే కళ్ళెనో, రక్తాన్నో తీసి, క్రిమిని పెంచి చూడాలి. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. పెరిగితే సంతోషమే.

కొన్నేళ్ళ క్రితం మా నాన్నగారికి విజయవాడలో న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరారు. అన్నయ్య అక్కడినుంచి ఫోను, నేను ఇక్కడ అర్ధరాత్రి వంటగదిలో లైటు వేసుకుని. "కల్చర్ రిపోర్టు రావడానికి మూడు రోజులట రా, అప్పటిదాకా రెండు రకాల యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారట" అన్నాడు. మూడు రోజులూ రెండు ఇళ్ళల్లోనూ ఎవరికీ నిద్ర లేదు. నాలుగో రోజు రిపోర్టు వచ్చింది, "ఏమీ పెరగలేదు" అని. నాన్నగారు దేవుడి దయవల్ల కోలుకున్నారు. ఏ క్రిమి వచ్చిందో, ఎక్కించిన రెండు మందుల్లో ఏది పనిచేసిందో, అసలు ఏదైనా పనిచేసిందో లేక ఆయన ఒంటి బలమే గెలిచిందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. డాక్టర్లు చెయ్యవలసింది సరిగ్గానే చేశారు. వాళ్ళ చేతిలో ఉన్న పరికరం అంతవరకే చూడగలదు.

ఇది విజయవాడలోని కథ మాత్రమే అనుకోకండి. షికాగో, నాష్‌విల్‌లలోని ఐదు ఆసుపత్రుల్లో సి.డి.సి. వారు చేయించిన పెద్ద అధ్యయనం 2015లో అచ్చయింది. న్యుమోనియాతో చేరిన 2,259 మంది పెద్దవాళ్ళకి ఉన్న పరీక్షలన్నీ చేస్తే, ఏదో ఒక క్రిమి దొరికింది 38 శాతం మందిలో. మిగిలిన 62 శాతం మందిలో దోషి దొరకలేదు. ఇంకో ముచ్చట, వైరస్‌లు 23 శాతం మందిలో దొరికితే బాక్టీరియా దొరికింది 11 శాతం మందిలోనే. యాంటీబయాటిక్స్ పనిచేసేది బాక్టీరియా మీద. కానీ ఎవరిలో ఏముందో తెలియనప్పుడు ఏ డాక్టరైనా ఏం చేస్తాడు? ఎక్కువ రకాల బాక్టీరియాని చంపే మందే ఇస్తాడు.

అటువంటి విస్తృత ప్రభావం గల యాంటీబయాటిక్స్‌లో మొదటి తరానిది ఆరియోమైసిన్. అది 1948లో లోకానికి వెల్లడైంది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాల నుంచి. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధనలకి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే సంవత్సరం ఆయన కన్నుమూశారు. ఆ మందులు కోట్ల ప్రాణాలు నిలబెట్టాయి. కానీ "ఎవరో తెలియదు కాబట్టి అందరినీ కొట్టు" అనే పద్ధతికి ఒక ఖరీదు ఉంది. దెబ్బ తిన్న ప్రతిసారీ చావకుండా మిగిలిన బాక్టీరియా రాటుదేలుతుంది. మందులకి లొంగని బాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని 2022లో లాన్సెట్ పత్రిక లెక్క ప్రచురించింది. అందులో ఊపిరితిత్తుల జబ్బులదే అగ్రస్థానం. దగ్గు రాగానే మందుల షాపుకి వెళ్ళి "అజిత్రో మూడు మాత్రలు ఇవ్వు బాబూ" అనే మన అలవాటుకి ఇందులో వాటా లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అని చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా ఒకటి ఉంది. ఆ సంగతి అలా ఉంచండి.

ఈ నేపథ్యంలో ఊపిరి పరీక్ష ఎందుకు ఊరిస్తుందో ఊహించండి. సూది లేదు, కళ్ళె లేదు, పిల్లలైనా ఊదగలరు, జవాబు నిమిషాల్లో వస్తుంది. మరి ఇన్నేళ్ళయినా ఎందుకు రాలేదు? దీనికి జవాబు నాకు రెండు ఉదాహరణల్లో దొరికింది, ఒకటి పిల్లలది, ఇంకొకటి ఎలకలది.

పిల్లల సంగతి ముందు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఒకటుంది. తెల్లజాతి వారిలో ఎక్కువ, మనలో అరుదు. ఊపిరితిత్తుల్లో జిగురు పేరుకుపోయి సూడోమోనాస్ అక్కడ స్థిరపడుతుంది. మొదట్లోనే పట్టుకుంటే మందులతో వెళ్ళగొట్టవచ్చు, పాతుకుపోయాక కష్టం. కానీ చిన్నపిల్లలకి కళ్ళె ఉమ్మడం రాదు. సరిగ్గా ఇక్కడే ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయం వారికి సయనైడ్ గుర్తొచ్చింది. అక్కడ డేవిడ్ స్మిత్, పాట్రిక్ స్పానెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఊపిరిని అప్పటికప్పుడు కొలవగల యంత్రాన్ని తయారు చేశారు. 2009లో వాళ్ళ బృందం సూడోమోనాస్ ఉన్న పిల్లల ఊపిరిలో సయనైడ్ ఎక్కువగా ఉందని చూపించింది. అందరికీ ఆశ పుట్టింది.

అయితే ఒక చిక్కు వచ్చిపడింది. ఏ జబ్బూ లేనివాళ్ళ నోట్లో కూడా కాస్త సయనైడ్ తయారవుతుంది! (భయపడకండి, లెక్కలోకి రానంత.) అందుకని నోటితో కాకుండా ముక్కుతో వదిలిన గాలిని కొలవాల్సి వచ్చింది. ఆ జాగ్రత్తలన్నీ తీసుకుని 233 మంది పిల్లల్ని రెండేళ్ళపాటు గమనించారు. ఫలితం 2015లో వచ్చింది. అందులో రెండు అంకెలు నేను మరిచిపోలేను: 99, 33. బాక్టీరియా లేని వందమంది పిల్లల్లో 99 మందిని "లేదు" అని సరిగ్గా చెప్పింది పరీక్ష. కానీ కొత్తగా బాక్టీరియా సోకిన వందమందిలో పట్టుకున్నది 33 మందిని. అంటే ఈ గంట మోగితే నమ్మవచ్చు. మోగకపోతే మాత్రం దొంగ లేడని కాదు, దొంగ చప్పుడు చెయ్యడం లేదని. సోకిన తొలిరోజుల్లో ఆ బాక్టీరియా బహుశా అంత సయనైడ్ చెయ్యదు, కొన్ని జాతులు అసలు చెయ్యవు. తల్లిదండ్రులు కోరుకునేదేమో తొలిరోజుల్లోనే తెలియాలని.

ఇప్పుడు ఎలకల కథ. ఒక్క పదార్థాన్ని నమ్ముకుంటే లాభం లేదు, మొత్తం వాసనని వేలిముద్రలా చూడాలి అని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో జేన్ హిల్ బృందం ఆలోచించింది. 2013 జనవరిలో ఊపిరి పరిశోధనల కోసమే ఉన్న ఒక పత్రికలో వాళ్ళ వ్యాసం వచ్చింది. (ఊపిరికి విడిగా ఒక పత్రిక 2007 నుంచీ ఉంది. కవిత్వానికి ఉన్నన్ని లేకపోయినా.) ఎలకల ఊపిరితిత్తుల్లోకి కొన్నిటికి సూడోమోనాస్‌నీ, కొన్నిటికి స్టెఫిలోకాకస్‌నీ ఎక్కించి, 24 గంటల తరవాత వాటి ఊపిరిని పట్టారు. విద్యుత్తు నింపిన సన్నటి తుంపర మీదుగా ఆ ఊపిరిని పంపితే అందులోని అణువులకి విద్యుదావేశం అంటుకుంటుంది. అప్పుడు మాస్ స్పెక్ట్రోమీటరు వాటిని ఒక్కొక్కటిగా తూకం వేస్తుంది. నిమిషాల పని. ఏ ఎలకకి జబ్బు ఉందో, ఏది బాగుందో తెలిసింది. జబ్బు ఉన్నవాటిలో ఏది సూడోమోనాస్, ఏది స్టెఫిలోకాకస్ అన్నదీ తెలిసింది. అంతేకాదు, సూడోమోనాస్‌లోనే రెండు వేరు వేరు వంశాల్ని కూడా విడదీయగలిగారు. నిజంగా గొప్ప విషయం.

నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ వ్యాసంలోని ఇంకో అంకె. అవే బాక్టీరియాని గాజుపాత్రలో పెంచి వాసన చూసినప్పుడు వచ్చిన గుర్తులకీ, ఎలక ఊపిరిలో వచ్చిన గుర్తులకీ ఉమ్మడిగా ఉన్నవి పాతిక శాతం నుంచి మూడో వంతు వరకే. అంటే ప్రయోగశాలలో పాడిన పాట వేరు, ఊపిరితిత్తిలో పాడే పాట వేరు. బాక్టీరియా అక్కడ తినే తిండి వేరు. దానితో పోట్లాడే మన తెల్ల రక్తకణాల వాసన కూడా ఆ గాలిలో కలుస్తుంది. కాబట్టి గాజుపాత్రలో నేర్చుకున్నది మనిషి మీద పనిచేస్తుందనే హామీ లేదు. ఎలక మీద నేర్చుకున్నదానికీ అంతే.

ఇక్కడినుంచి మా వాళ్ళ పాత్ర మొదలవుతుంది, మా వాళ్ళ పాపాలూ మొదలవుతాయి. ఒక్క ఊపిరిలో వందలాది శిఖరాలు, అంటే వందలాది కాలమ్స్. రోగులేమో నలభై మందో, అరవై మందో. నలభై వరసలు, ఐదొందల కాలమ్స్ ఉన్న టేబుల్ ఇచ్చి "జబ్బు ఉన్నవాళ్ళని విడదీసే సూత్రం కనిపెట్టు" అంటే ఏ చవకబారు ప్రోగ్రామైనా కనిపెట్టేస్తుంది. అన్ని కాలమ్స్‌లో ఏదో ఒకటి కేవలం కాకతాళీయంగా సరిపోతుంది కాబట్టి. పైగా జబ్బు ఉన్నవాళ్ళు ఆసుపత్రి మంచం మీద, జబ్బు లేనివాళ్ళు విశ్వవిద్యాలయం విద్యార్థులు అనుకోండి. ఆసుపత్రి గాలి నిండా చేతులు తుడుచుకునే ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉంటుంది. అది రోగి ఊపిరిలోకీ వస్తుంది. అప్పుడు ప్రోగ్రాము నేర్చుకున్నది న్యుమోనియాని కాదు, ఆసుపత్రిని! పేపరులో మాత్రం "95 శాతం ఖచ్చితత్వం" అని పడుతుంది. అందుకే ఎవరైనా ఊపిరి పరీక్ష గురించి గొప్ప అంకె చెబితే నేను అడిగేది ఒకటే: నేర్పిన ఊళ్ళో కాకుండా ఇంకో ఊళ్ళో, ఇంకో యంత్రం మీద, ప్రోగ్రాము ఎన్నడూ చూడని మనుషుల మీద పరీక్షించారా?

మరి దారి లేదా? ఉంది. దాన్ని మా భాషలో చెబుతాను. ఒక సర్వర్ బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి మేము దాని పక్కన చెవి పెట్టి ఫ్యాను చప్పుడు వినం. ఒక చిన్న సందేశం పంపుతాం, జవాబు వస్తే ఉన్నట్టు. దాన్నే పింగ్ చెయ్యడం అంటాం. ఇంతవరకూ చెప్పినవన్నీ చెవి పెట్టి వినే పరీక్షలు. కానీ బాక్టీరియా మీద బాగా గెలిచిన ఊపిరి పరీక్ష పింగ్ చేసే పరీక్ష.

అది మీలో చాలామంది చేయించుకునే ఉంటారు. కడుపులో మంట అని వెళితే ఏదో తాగించి సంచిలోకి ఊదమంటారు చూడండి, అదే. హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా వల్లే కడుపులో పుండ్లు వస్తాయని చెప్పిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకి 2005లో నోబెల్ వచ్చింది. ఆ బాక్టీరియా దగ్గర యూరియేజ్ అనే ఎంజైము దండిగా ఉంటుంది. అది యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా, బొగ్గుపులుసు గాలి చేస్తుంది. మన ఒంటి కణాలకి ఆ విద్య రాదు. అందుకని కాస్త బరువైన కార్బన్-13తో చేసిన యూరియాని తాగిస్తారు. బాక్టీరియా ఉంటే పావుగంట, అరగంటలో ఆ బరువైన కార్బన్ ఊపిరిలో తేలుతుంది. 1987లో వచ్చిన ఆలోచన, 1996లో ఎఫ్.డి.ఏ. ఆమోదించింది. పంపిన ప్యాకెట్టు మీద మన ముద్ర ఉంది కాబట్టి తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టడం తేలిక. వెల్లుల్లి తిన్నా, ఆసుపత్రిలో ఉన్నా దాన్ని ఇంకోదానితో పొరబడం.

టీబీ బాక్టీరియాకి కూడా యూరియేజ్ ఉంది. అది గమనించి న్యూమెక్సికో విశ్వవిద్యాలయంలోని గ్రాహం టిమ్మిన్స్, ఆయన సహచరులు కుందేళ్ళ మీద ఇదే ఉపాయం ప్రయత్నించి 2010లో ప్రచురించారు. 2014లో చేసిన పని ఇంకా చమత్కారమైనది. ఐసోనియాజిడ్ అని టీబీకి ఇచ్చే పాత మందు ఉంది. అది మాత్రలో ఉన్నప్పుడు చురుకైనది కాదు. టీబీ బాక్టీరియా లోపలికి వెళ్ళాక, దానిలోని ఒక ఎంజైమే దాన్ని చురుకు చేసి తన చావు తను తెచ్చుకుంటుంది. ఆ క్రమంలో నత్రజని వాయువు విడుదలవుతుంది. మందుకి లొంగని టీబీలో చాలాసార్లు ఈ ఎంజైమే చెడిపోయి ఉంటుంది. కాబట్టి బరువైన నత్రజనితో చేసిన ఐసోనియాజిడ్ ఇచ్చి, ఆ నత్రజని ఊపిరిలో వస్తుందా అని చూస్తే, టీబీ ఉందని మాత్రమే కాదు, ఈ మందుకి లొంగే టీబీ ఉందని కూడా తెలుస్తుంది! కుందేళ్ళలో ఇది పనిచేసింది. ఎం.ఐ.టి.లో సంగీతా భాటియా బృందం 2020లో ఇంకో రకం పింగ్ చూపించింది. పీల్చిన నానో కణాలని ఊపిరితిత్తిలోని ఎంజైము కత్తిరిస్తే, ప్రకృతిలో లేని ఒక వాయువు విడుదలై ఊపిరిలోకి వస్తుంది. ఆ ఎంజైము బాక్టీరియాది కాదు, దానితో పోరాడే మన తెల్ల రక్తకణాలది. కాబట్టి క్రిమి పేరు చెప్పదు గాని, యుద్ధం జరుగుతోందా, మందు ఇచ్చాక సద్దుమణిగిందా అన్నది చెబుతుంది. ఇదీ ఎలకల్లోనే.

"అన్నీ ఎలకలూ, కుందేళ్ళేనా?" అని మీరు విసుక్కోవచ్చు. న్యాయమే. ఊపిరితిత్తుల్లోకి ఏదైనా పీల్పించి పరీక్ష చెయ్యాలంటే అది మందంత భద్రమని ముందు రుజువు చెయ్యాలి. కడుపులోకి యూరియా తాగించడం అంత సులభం కాదది. వినే పరీక్షకి ఆ భయం లేదు, పింగ్ చేసే పరీక్షకి ఉంది. దేని ఖరీదు దానిదే. ఈ రోజుకి మీ ఊరి క్లినిక్‌లో ఊది న్యుమోనియా బాక్టీరియా పేరు తెలుసుకునే పరీక్ష మామూలు వైద్యంలోకి రాలేదు.

వినే పరీక్షల్లో ఒకటి మాత్రం మనుషుల దాకా వచ్చింది. అది బాక్టీరియాకి కాదు, కోవిడ్‌కి. 2022 ఏప్రిల్‌లో ఎఫ్.డి.ఏ. ఒక కోవిడ్ ఊపిరి పరీక్షకి అత్యవసర అనుమతి ఇచ్చింది. యంత్రం సూట్‌కేసంత, జవాబు మూడు నిమిషాల లోపు. 2,409 మంది మీద పరీక్షిస్తే జబ్బు ఉన్నవాళ్ళలో 91.2 శాతాన్ని, లేనివాళ్ళలో 99.3 శాతాన్ని సరిగ్గా చెప్పింది. అద్భుతమే. అయినా "ఉంది" అని వస్తే ఇంకో పరీక్షతో నిర్ధారించుకోవాలని షరతు పెట్టారు. ఎందుకో వేళ్ళ మీద లెక్క వేసి చూడండి. వెయ్యి మందిలో 42 మందికి జబ్బు ఉందనుకుందాం. పరీక్ష 38 మందిని పట్టుకుంటుంది, జబ్బు లేని ఏడుగుర్ని అనవసరంగా పట్టుకుంటుంది. ఫరవాలేదు. జబ్బు బాగా తగ్గి వెయ్యికి ఒక్కడికే ఉందనుకోండి. అప్పుడూ ఆ ఏడుగురు ఏడుగురే. నిజం దొంగ ఒక్కడు, పట్టుబడ్డవాళ్ళు ఎనిమిది మంది! యంత్రం మారలేదు, ఊరు మారింది.

ఈ బాధ మనకి కొత్త కాదు. గ్రీన్‌కార్డు మెడికల్‌కి వెళ్ళినప్పుడు ఒకప్పుడు ముంజేతికి టీబీ సూది వేసేవారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకుని, భుజం మీద ఆ మచ్చ మోస్తున్న మనలో చాలామందికి అది ఉబ్బేది, వెంటనే ఎక్స్‌రేకి పరిగెత్తించేవారు. 2018 అక్టోబరు నుంచి దాని బదులు బీసీజీతో మోసపోని రక్తపరీక్ష అడుగుతున్నారు.

టీబీ మాట వచ్చింది కాబట్టి మన దేశం దగ్గరికే వస్తాను. 2023లో ప్రపంచంలో 1 కోటి 8 లక్షల మందికి టీబీ వచ్చిందనీ, 12.5 లక్షల మంది పోయారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ రోగుల్లో 26 శాతం భారతదేశంలో. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం 1915లో కట్టింది ఈ జబ్బు కోసమే. 1882లో రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టిన నాటి నుంచి కళ్ళెని సూక్ష్మదర్శినిలో చూడడమే పరీక్ష. ఇప్పుడు రెండు గంటల్లోపు జవాబు చెప్పే జీన్‌ఎక్స్‌పర్ట్, మన గోవాలో తయారయ్యే ట్రూనాట్ వంటి యంత్రాలు వచ్చాయి. చాలా మంచివి. కానీ వాటికీ ముందు కళ్ళె కావాలి. మూడేళ్ళ పిల్లకి కళ్ళె రాదు. దాన్ని మింగేస్తుంది. అందుకని పొద్దున్నే పరగడుపున ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి, మింగినదాన్ని బయటికి తీస్తారు. ఆ దృశ్యం ఒకసారి ఊహించుకుంటే ఊపిరి పరీక్ష ఎవరికి కావాలో తెలుస్తుంది.

ఈ దారిలో నాకు బాగా నచ్చిన పని వాయువుల్ని కొలిచేది కాదు. ఇంగ్లండులోని లీస్టర్, దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా శాస్త్రజ్ఞులు మామూలు మాస్కు లోపల చిన్న పట్టీ అమర్చి టీబీ రోగుల చేత పెట్టించారు. ఊపిరితో బయటికి వచ్చే సన్నటి తుంపరల్లో సాక్షాత్తూ బాక్టీరియాయే ఉంటుంది కదా, అది పట్టీకి అంటుకుంటుంది. దాని డి.ఎన్.ఏ.ని పరీక్షిస్తారు. 2020లో వాళ్ళు ప్రచురించినదాని ప్రకారం కళ్ళెలో కంటే మాస్కులోనే ఎక్కువసార్లు క్రిమి దొరికింది. వాసన చూసి దొంగని ఊహించనక్కరలేదు, దొంగే దొరుకుతాడు. మాస్కు ఖరీదెంతో కోవిడ్ తరవాత మన ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు.

సిస్టిక్ ఫైబ్రోసిస్ పిల్లల సంగతి మధ్యలో వదిలేశాను. 2019 అక్టోబరులో వాళ్ళకి ట్రైకాఫ్టా అనే మందు వచ్చింది. చాలామందికి జిగురు తగ్గింది, దగ్గు తగ్గింది, బతుకు మారింది. దానితో పాటు కళ్ళె రావడమూ తగ్గిపోయింది. బాక్టీరియా మాత్రం చాలామందిలో పూర్తిగా పోలేదు. రోగి బాగుపడ్డకొద్దీ పరీక్షకి నమూనా దొరకడం కష్టమైంది. అందుకే ఊపిరి పరీక్ష వాళ్ళకి ఇదివరకటికన్నా ఇప్పుడే ఎక్కువ అవసరం.

అది వచ్చేలోపు ఇంటి దగ్గర మన పెద్దవాళ్ళకి దగ్గూ జ్వరమూ వస్తే ఫోనులో ఏం చెప్పాలని మీలో కొందరు అడిగారు. ఆయాసం ఎక్కువగా ఉంటే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమనండి, అక్కడ మందు ఆలస్యం కాకూడదు. అంత కంగారు లేకపోతే కళ్ళె పరీక్ష చేయిస్తారా అని డాక్టరుగారిని అడగమనండి, అదీ యాంటీబయాటిక్ మొదటి మాత్ర పడకముందు. మాత్ర పడ్డాక గాజుపాత్రలో పెరగవలసింది పెరగదు. మిగతావి మొదటి వరసలో ఉన్న డాక్టరుగారిని అడగండి, నా రాయి ఆయనకి తగిలేలాగే కూర్చున్నారు.